ఆకలి పుట్టు చోటు
ఆచార్య బాల్ కృష్ణ ఆనంద్ జీవితము – పరిశోధనలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



కోనసీమవారికి ఆకలినిగూర్చి వేరుగ చెప్పవలసిన పని లేదు. లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము విస్తరి వేసి అన్నము పెట్టిన గడ్డ యిది. వచ్చినవాడు ఎవ్వడు, ఏ యూరివాడు అని ఆ తల్లి అడిగెడిది కాదనియు, ఆకలితో వచ్చెనా లేదా అన్నదే ఆమెకు కావలసినదనియు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట ధర్మమని ఈ సీమకు ఎన్నడో తెలిసినది. కాని ఆ ఆకలి శరీరములో ఎక్కడ పుట్టును? తిన్నది చాలునని మనుష్యునకు చెప్పునది ఏది? ఈ ప్రశ్నలు చిన్నవిగ తోచును గాని, వీనికి ప్రయోగపూర్వకమైన సమాధానము ఇరువదవ శతాబ్ది నడుమగాని లభింపలేదు. ఆ సమాధానమును లోకమునకు తెచ్చినవారిలో ముఖ్యుడు ఒక భారతీయుడు. ఆయన పేరు బాల్ కృష్ణ ఆనంద్. జీవుల ప్రవర్తనకును మెదడునకును గల సంబంధమును శోధించు శాస్త్రమునకు భారతదేశమున పునాది వేసినవారాయనయే.

ఆకలి యెక్కడ అని అడిగినచో పసిబిడ్డ సైతము పొట్టపై చేయి వేసి చూపును. కడుపు కాలుచున్నదనుట, కడుపులో ఎలుకలు పరుగెత్తుచున్నవనుట ఊరూర వాడుక. శాస్త్రజ్ఞులును చాలకాలము ఇట్లే తలచిరి. 1912లో అమెరికాలో కానన్, వాష్‌బర్న్ అను ఇద్దరు ఒక వింత ప్రయోగము చేసిరి. వాష్‌బర్న్ ఒక చిన్న రబ్బరు బుడగను మ్రింగి, దానిని జీర్ణకోశములో ఉంచుకొనెను. జీర్ణకోశము ముడుచుకొన్నప్పుడెల్ల ఆ బుడగ నొక్కుకొని, వెలుపలనున్న యంత్రముపై గీత పడెడిది. ఆయనకు ఆకలిబాధ తోచిన క్షణములును, ఆ గీతలును ఇంచుమించు ఒక్కటిగ ఉండెను. దీనితో జీర్ణకోశపు ముడుచుకొనుటయే ఆకలి యని పలువురు నిశ్చయించిరి.

అయినను ఒక చిక్కు మిగిలిపోయెను. రోగకారణమున జీర్ణకోశమును పూర్తిగ తీసివేసిన మనుష్యులకును ఆకలి కలుగుచునే యుండెను. జీర్ణకోశమునుండి మెదడునకు పోవు నరములను త్రుంచిన జంతువులును ఎప్పటివలెనే మేత మేయుచుండెను. కనుక కడుపు ఆకలిని తెలుపు ఒక వార్తాహరుడు మాత్రమే. ఆ వార్తను విని, తినుమని ఆజ్ఞ యిచ్చు యజమాని వేరొకచోట ఉండవలెను. ఆ చోటును వెదకుటయే ఆనంద్ గారి జీవితమునకు తొలి ఘనకార్యమైనది.

ఆయన 1917 సెప్టెంబరు 19వ తేదీన లాహోరులో జన్మించిరి. ఆ నగరమందలి కింగ్ ఎడ్వర్డ్ వైద్యకళాశాలలో చదివి, 1940లో వైద్యపట్టమును పొందిరి. రోగులను చూచి ధనము గడించుటకన్న, శరీరము పనిచేయు తీరును పరిశోధించుటయందే ఆయనకు మక్కువ మెండు. 1947లో దేశవిభజన జరిగి లాహోరు పాకిస్తానులో చేరెను. పుట్టి పెరిగి చదువుకొనిన ఊరు పరదేశమయ్యెను. అట్టి కల్లోలముల నడుమ లక్షలాది కుటుంబములవారు చెదరిపోయిన కాలమది. ఆనంద్ గారు విభజనానంతరము ఢిల్లీలోని లేడీ హార్డింజ్ వైద్యకళాశాలలో శరీరధర్మశాస్త్రాచార్యులైరి. అక్కడనుండి రాక్‌ఫెల్లర్ సంస్థ యిచ్చిన ఉపకారవేతనముతో 1950లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు పోయి, జాన్ బ్రోబెక్ అను ఆచార్యునితో కలిసి పనిచేసిరి.

మెదడు అడుగుభాగమున, ఇంచుమించు బాదంగింజంత ప్రమాణము గల ఒక చిన్న భాగము కలదు. దానిని హైపోథాలమస్ అందురు. శరీరపు వేడి, దప్పిక, నిద్ర మొదలగువానిని అదుపులో ఉంచుటలో దీనికి ముఖ్యమైన పాత్ర కలదు. 1940లో హెథరింగ్టన్, రాన్సన్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఎలుకల హైపోథాలమస్‌లోని నడిమి భాగమును చెడగొట్టి చూడగా, ఆ ఎలుకలు మిక్కిలి బలిసిపోయెను. ఆ యెలుకలు మితిమీరి తినుటయే దీనికి ప్రధాన కారణమని బ్రోబెక్ గారును ఆయన సహచరులును 1943లో చూపిరి. అనగా, చాలునని చెప్పు కేంద్రము నశించెనన్న మాట. అట్లయిన, తినుమని చెప్పు కేంద్రము ఎక్కడ?

మెదడులో ఆవగింజంత చోటును గురితప్పక తాకుట సామాన్యమైన పని కాదు. అందులకు 1908లో లండనులో హోర్స్లీ, క్లార్క్ అనువారు ఒక సాధనమును కల్పించిరి. మత్తుమందిచ్చిన జంతువు తలను కదలకుండ అందులో బిగింతురు. భూమిని కొలుచు అమీను హద్దురాళ్లనుండి గొలుసు లాగి ఏ పొలము మూలనైనను గుర్తించునట్లు, మూడు దిక్కుల కొలతలతో సన్నని లోహపుసూదిని మెదడులోని కోరిన బిందువునకు చేర్పవచ్చును. సూదిమొనవద్ద స్వల్ప విద్యుత్తును పంపినచో ఆ బిందువు మాత్రమే చెడును. చుట్టునున్న భాగము చాలవరకు నిలుచును.

ఆనంద్, బ్రోబెక్ గారలు ఈ సాధనముతో తెల్లయెలుకల హైపోథాలమస్‌ను అంగుళమంగుళముగ గాదు, వెండ్రుకవాసి చొప్పున పరీక్షించిరి. నడిమి భాగమునకు ఇరుప్రక్కల, కొంత వెలుపలిగ నున్న చిన్న చోటును రెండువైపులను చెడగొట్టగా, ఆ యెలుకలు తినుట సంపూర్ణముగ మానివేసెను. ఎదుట కావలసినంత మేత యున్నను ముట్టలేదు. మూతివద్దకు తెచ్చినను తినలేదు. కడకు ఆహారము ముందుండగనే నిరాహారముతో మరణించెను. ఒక్క వైపు మాత్రము చెడగొట్టినచో తిండికి భంగము కలుగలేదు. మితిమీరి తినుచున్న ఎలుకలలో ఈ ప్రక్కభాగములను చెడగొట్టినను తిండి ఆగిపోయెను. దీనినిబట్టి, ప్రక్కభాగము తినుటకు ప్రేరేపించు మూలకేంద్రమనియు, నడిమి భాగము దానిని అదుపు చేయు కేంద్రమనియు వారు నిర్ణయించిరి. 1951లో ఈ ఫలితములు ప్రచురింపబడెను. పిల్లులయందును ఇట్టి ఫలితమే కనబడెను. నాటికి ఆనంద్ గారు ముప్పదినాలుగవ యేట నుండిరి. కడుపులో ఎలుకలని లోకము చెప్పుకొను ఆకలి రహస్యము తుదకు ఎలుకల మెదడులోనే బయటపడినది.

గోదావరి కాలువలను ఎఱిగినవారికి ఈ యేర్పాటు సులభముగ తెలియును. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నిండుగ నీరున్నంత మాత్రమున చేలకు నీరు రాదు. తూము తలుపు ఎత్తువాడు ఒకడు కావలెను; చేను నిండినదని వార్త రాగానే దానిని దింపువాడును కావలెను. ఎత్తువాడు లేనిచో ఎదుట నది పారుచున్నను పైరు ఎండును. దింపువాడు లేనిచో పైరు మునిగి కుళ్లును. ఆకలి కేంద్రము తలుపునెత్తునది. తృప్తి కేంద్రము దింపునది. పంచభక్ష్యములు ఎదుటనున్నను ఎలుక చచ్చిపోవుటకు కారణమిదియే.

ఈ ప్రయోగములలో మూగజీవులు బలియైనవి. ఆ మాటను దాచి శాస్త్రమును పొగడుట న్యాయము కాదు. నేడు అట్టి ప్రయోగములకు కట్టుబాట్లు ఏర్పడినవి. ఆ జీవుల ప్రాణముతో లభించిన జ్ఞానము మనుష్యుల బాధను తగ్గించుటకు వినియోగపడినప్పుడే ఆ ఋణము కొంతైనను తీరును.

ఆనంద్ గారు అమెరికాలోనే నిలిచిపోలేదు. ఢిల్లీకి మరలివచ్చి, పరికరములు కొఱతగ నున్న ఆ దినములలో పరిశోధన సాగించిరి. చెడగొట్టినప్పుడు తిండి మానుట ఒక యెత్తు; ప్రేరేపించినప్పుడు తినుట మరియొక యెత్తు. రెండును జరిగినగాని ఋజువు బలపడదు. 1955లో ఆయనయు, దువా అను సహచరియు మెలకువగ నున్న పిల్లుల హైపోథాలమస్‌లోని ఆ ప్రక్కభాగమునకు స్వల్పమైన విద్యుత్ప్రేరణ కలిగించి, అవి తిండికి పూనుకొనుటను గమనించి ప్రకటించిరి.

1956లో పార్లమెంటు చట్టము ద్వారా ఢిల్లీలో అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ ఏర్పడెను. రాజకుమారి అమృత్ కౌర్ గారు అప్పటి ఆరోగ్యశాఖామాత్యులు. ఆ సంస్థలో శరీరధర్మశాస్త్ర శాఖను నెలకొల్పి నడపిన తొలి ఆచార్యులు ఆనంద్ గారే. అచ్చట ఛీనా, బల్దేవ్ సింగ్ అను సహచరులతో ఆయన మరియొక ముఖ్య ప్రశ్నను చేపట్టిరి. కడుపు నిండినదను వార్త మెదడునకు ఎట్లు చేరును? రక్తములో చక్కెర హెచ్చుతగ్గులే ఆ వార్తయని జాన్ మేయర్ అను శాస్త్రజ్ఞుడు 1953లో సిద్ధాంతీకరించి యుండెను. ఆనంద్ గారి బృందము మెదడులోని ఆ కేంద్రముల విద్యుచ్ఛక్తిని కొలుచుచు, రక్తములోనికి గ్లూకోజు నెక్కించి చూచెను. గ్లూకోజు హెచ్చగానే తృప్తి కేంద్రపు చురుకుదనము పెరిగెను. ఆకలి కేంద్రపు చురుకుదనము తగ్గెను. ఈ ఫలితము 1962లో అమెరికాలోని సైన్స్ పత్రికలో ప్రచురితమైనది. భారతదేశములో చేసిన పని యిట్లు లోకమందలి శరీరధర్మశాస్త్ర గ్రంథములలోనికి ఎక్కినది.

ఆనంద్ గారి మరియొక కృషిని ఇచట ప్రత్యేకముగ చెప్పవలెను. యోగులు గుండెను ఆపివేయుదురని, ఊపిరి లేకయే గంటలకొలది యుందురని దేశమంతట ప్రతీతి. ఒకరు దానిని కన్నులు మూసుకొని నమ్ముదురు. మరియొకరు కన్నులు మూసుకొనియే పరిహసింతురు. ఆనంద్ గారు ఈ రెండు దారులను విడిచి, కొలిచి చూతమనిరి.

అమెరికానుండి వచ్చిన వెంగర్, బాగ్చీ అను శాస్త్రజ్ఞులతో కలిసి, గుండెను ఆపగలమనువారిని పరీక్షించిరి. 1961లో ఆ ఫలితములు వెలువడెను. ఊపిరి బిగబట్టి, ఎదను పొట్టను కండరములతో గట్టిగ నొక్కినప్పుడు మణికట్టువద్ద నాడి చేతికి అందకపోయెను. చెవికి గుండెచప్పుడును వినబడకపోయెను. కాని గుండె విద్యుత్తును లిఖించు యంత్రము, గుండె ఆగలేదనియు, కొట్టుకొనుచునే యున్నదనియు చూపెను. నాడిపట్టి చూచిన మనుష్యుడు మోసపోయెను గాని యంత్రము మోసపోలేదు. అయితే ఒకరు గుండెవేగమును నిజముగనే తగ్గించుకొనగలిగిరని కూడ వారు వ్రాసిరి. లేనిదానిని లేదనిరి, ఉన్నదానిని ఉన్నదనిరి.

అదే కాలమున రామానంద యోగి అనువారిని గాలి చొరని పెట్టెలో కూర్చుండబెట్టి, ఆయన పీల్చుకొను ప్రాణవాయువును కొలిచిరి. విశ్రాంతిగ నున్న శరీరమునకు సామాన్యముగ కావలసినదానికన్న తక్కువ ప్రాణవాయువుతో ఆయన యుండగలిగెనని తేలినది. ధ్యానములో నున్న నలుగురు యోగుల మెదడు విద్యుత్తరంగములను లిఖింపగా, విశ్రాంతమైన మెలకువను సూచించు ఆల్ఫా తరంగములు నిలకడగ కనబడెను. సామాన్యునకు ఎదుట దీపము మెరసినను, పెద్దచప్పుడైనను ఆ తరంగములు చెదరును. ఆ యోగులు ధ్యానములో నున్నప్పుడు వెలుగు, ధ్వని, వేడి గాజుగొట్టపు స్పర్శ మొదలగునవి వానిని చెదరగొట్టలేదు. మరి యిద్దరు 4 డిగ్రీల చన్నీటిలో 45 మొదలు 55 నిమిషములవరకు చేయి నుంచినను ఆ తరంగములు మారలేదు. పరీక్షింపబడినవారు కొలదిమందియే. కావున దీనిమీద పెద్ద మేడలు కట్టరాదు. అయినను ధ్యానమును ప్రయోగశాలలోనికి తెచ్చి పరిశీలించిన తొలికాలపు పనులలో ఇది యొకటిగ లోకమున పేరొందినది.

1963లో ఆయనకు వైద్యశాస్త్రమున శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానమును, 1969లో పద్మశ్రీ బిరుదమును లభించెను. భారతదేశమున ఆధునిక నాడీశరీరధర్మశాస్త్రమునకు ఆద్యులని ఆయనను శాస్త్రలోకము గౌరవించినది. 2007 ఏప్రిల్ 2వ తేదీన, తొంబదవ యేట ఆయన పరమపదించిరి.

శాస్త్రమున ఏ మాటయు కడపటి మాట కాదు. ఆనంద్ గారి నిర్ణయమునకును తరువాతివారు సవరణలు చేసిరి. ఆకలి కేంద్రము చెడిన ఎలుకలకు గొట్టముద్వారా ఆహారమిచ్చి బ్రతికించినచో, అవి క్రమముగ మరల తినుట నేర్చునని 1962లో టైటెల్‌బామ్, ఎప్‌స్టీన్ అనువారు చూపిరి. ఆ చోటుగుండ పోవు ఇతర నాడీతంతువులు తెగుటయు తిండి మానుటకు కొంత కారణమని 1970 తరువాతి పరిశోధనలు తెలిపెను. నేడు ఆకలిని ఒకే గదిలో కూర్చున్న అధికారి పనిగ గాక, మెదడులోని పలు భాగములు కలిసి నడపు వ్యవహారముగ భావింతురు. 1994లో కొవ్వునుండి మెదడునకు వార్త కొనిపోవు లెప్టిన్ అను రసాయనము బయటపడెను. 1998లో ఆనంద్ గారు చూపిన ఆ ప్రక్కభాగముననే ఒరెక్సిన్ అను పదార్థమును తయారుచేయు కణములు కనబడెను. 1999లో ఖాళీ కడుపునుండి ఆకలివార్త మోయు గ్రెలిన్ కనుగొనబడెను. కడుపును వార్తాహరుడే యన్నమాట. ఆయన గీసిన పటములో వీధులు పెరిగినవి గాని, ఆ యూరు అచ్చటనే యున్నది.

ఈ చరిత్ర గ్రామవాసులకు దేనికి పనికివచ్చునని ఎవరైన అడుగవచ్చును. పెండ్లి విందులో స్థూలకాయుని చూచి తిండిపోతని నవ్వుట వాడుక. ఇంటిలో వృద్ధురాలు అన్నము వద్దన్నచో కోడలిమీద అలుకయని తలచుట వాడుక. బిడ్డ తినకున్న మొండితనమని కొట్టుట వాడుక. ఇంగ్లండులో ఒకే కుటుంబమునకు చెందిన ఇద్దరు పిల్లలు శైశవమునుండి తీరని ఆకలితో అలమటించి మిక్కిలి బలిసిపోయిరి. వారి శరీరములో లెప్టిన్ తయారగుట లేదని 1997లో కేంబ్రిడ్జి వైద్యులు కనుగొనిరి. 1999లో ఆ కొఱతగల ఒక బాలికకు లెప్టినును సూదిమందుగ ఇచ్చిన ఫలితములు వెలువడెను. ఆ బాలిక ఆకలి అణగెను, బరువును తగ్గెను. అంతవరకు ఆ బిడ్డను ఎవరైన తిండిపోతని నిందించియుండినచో, ఆ నింద ఎంత అన్యాయమైనదో చూడుడు. ఇట్టి జబ్బు మిక్కిలి అరుదు. బరువునకు తిండి, శ్రమ, నిద్ర, వంశము, మందులు మొదలగు కారణములు పలుగలవు. మితాహారము విలువ దీనివలన తగ్గదు. అయినను తినుటయు మానుటయు కేవలము మనస్సు గట్టితనముతో ముడిపడినవి కావనుట మాత్రము నిజము. ముసలివారు హఠాత్తుగ తిండి మానినను, ఎవరికైన ఆకలి అకారణముగ మారినను, నిందింపక వైద్యునకు చూపుట మేలు. జబ్బు, మనోవ్యాకులత, వాడుచున్న మందు – ఏదైనను కారణము కావచ్చును.

సీతమ్మగారు ఆకలిగొన్నవానిని ప్రశ్నింపక అన్నము పెట్టిరి. ఆనంద్ గారు ఆకలినే ప్రశ్నించి దాని గుట్టు రట్టుచేసిరి. మొదటిది దయ, రెండవది విచారణ. దయలేని విచారణ కఠినమగును. విచారణ లేని దయ ఒక్కొక్కప్పుడు రోగిని రోగిగ గుర్తింపజాలదు. ఊరికి రెండును కావలెను. దయ ఇంటింట పొయ్యివద్ద అలవడును. విచారణ అలవడుటకు గ్రంథాలయము వంటి చోటు మరియొకటి లేదు. ఇరువదియైదు సంవత్సరములుగ సాయంకాలము దీపము వెలిగించి, తలుపు తెరచియుంచిన కార్యకర్తలకును, చందాదారులకును ఊరు ఋణపడియున్నది. ఈ బల్లలమీద కూర్చుండి చదువు బాలబాలికలలో ఒక్కరైనను, విన్నదానిని వెంటనే నమ్మక, వెంటనే త్రోసిపుచ్చక, కొలిచి చూతమను అలవాటు నేర్చుకొన్నచో ఈ రజతోత్సవము సార్థకమగును. గ్రంథాలయము స్వర్ణోత్సవము వరకును, ఆపైనను వర్ధిల్లుగాక.

స్వస్తి.